ఓడబొమ్మకు చరిత్ర అక్కరలేదా?

"బొమ్మయే గదా! కంటికి ఇంపుగా నుండిన చాలును" అను మాట మన ఉత్సవములలో తరచుగా వినవచ్చును. పొగగొట్టము లెన్ని, స్తంభము లెన్ని, ఏ జెండా ఎగిరినది అని అడిగినవానిని చాదస్తుడని నవ్వుదురు. ఆ నవ్వు తగదని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు.

1919 ఏప్రిల్ 5వ తేదీన 'లాయల్టీ' అను ఓడ బొంబాయి నుండి లండనుకు బయలుదేరెను. ఆ దినమునే నేడు జాతీయ నౌకాయాన దినముగా జరుపుకొనుచున్నాము. దానిని నడిపిన సింధియా కంపెనీ స్థాపకులలో నొకడగు వాల్‌చంద్ హీరాచంద్ 1882లో మన షోలాపురముననే జన్మించెను. ఆ కంపెనీ నౌకా నిర్మాణశాల మన విశాఖపట్టణమున వెలసెను. కావున లాయల్టీ నమూనా హోట్గి రోడ్డు నేతవారి యిండ్ల నడుమ నిలుచుట ఎంతయు సముచితము. కాని నిలుపునది లాయల్టీయే కావలెను గదా!

నాలుగు పొగగొట్టము లున్నచో ఠీవిగా నుండునని కొందరందురు. నాలుగు గొట్టములు టైటానిక్‌వి. లాయల్టీకి రెండే; స్తంభములు మూడు. పొడవు సుమారు 139 మీటర్లు, వెడల్పు సుమారు 15.6 మీటర్లు. నూటికొక వంతున చేసినచో బొమ్మ పొడవు 139 సెంటీమీటర్లు, వెడల్పు పదునారింటికి లోపు. చెక్క దొరికినదని వెడల్పు పెంచినచో సన్నని ప్రయాణికుల ఓడ సరకుల పడవ యగును. ఖర్చు పెరుగునని సాకు చెప్పువారికి ఒకటే జవాబు: నాలుగు గొట్టములకంటె రెండు చవుక.

స్తంభములకు కట్టు తాళ్ళ సంగతి నేతవారికి నేను చెప్పనేల? ఈ కొలతలో ఒక మిల్లీమీటరు దారము పది సెంటీమీటర్ల మోకుతో సమానము. నూలుకు లేచిన నూగు కూడ తాటిపీచువలె కనబడును. సన్నని పోగు నెన్ని, గంజి పెట్టి, నూగు అణచుట మనవారికి పుట్టుకతో వచ్చిన విద్య. జకార్డు అట్టలో ఒక్క రంధ్రము తప్పినచో దుప్పటి పొడవునను పువ్వు చెడునని ఎరిగినవారు, ఓడ విషయమున మాత్రము "ఎవరు చూచెదరు?" అనుట న్యాయమా?

ఇక జెండా. లాయల్టీపై త్రివర్ణ పతాకము నెగురవేయుట దేశభక్తి యని తలచుచున్నారు. పింగళి వెంకయ్యగారు తమ పతాకమును బెజవాడలో గాంధీజీకి చూపినది 1921లో. నేటి పతాకమును రాజ్యాంగ సభ ఆమోదించినది 1947 జూలై 22న. 1919లో ఆ ఓడ బ్రిటిషు వారి ఎర్ర పతాకము క్రిందనే పోవలసివచ్చెను. అది అవమానమే, కాని దాచినచో మాయు అవమానము కాదు.

ఆ ఓడ మనము కట్టినదియు కాదు. ఇంగ్లండులోని బారోలో 1890లో జలప్రవేశము చేసి, 'ఎంప్రెస్ ఆఫ్ ఇండియా' అను పేర కెనడా, ప్రాచ్య దేశముల నడుమ తిరిగినది. 1914 చివర గ్వాలియరు మహారాజు కొని ఆసుపత్రి ఓడగా మార్చి లాయల్టీ యని పేరిడెను. సింధియా కంపెనీ చేతికి వచ్చుసరికే అది ముసలి ఓడ, 1923లో విరిచివేయబడెను. కెనడా కంపెనీ నాటి తెల్లని దేహమును, గోధుమవన్నె గొట్టములను చిత్రించి దానిపై లాయల్టీ యని వ్రాయుట రెండు కాలములను ఒక్క మగ్గమున కలిపి నేయుటయే.

ఈ చిన్న వివరములలోనే అసలు కథ యున్నది. పరాయివారు కట్టిన పాత ఓడతో, పరాయి పతాకము క్రింద, పరాయి కంపెనీల పోటీ నెదుర్కొనుటకు మనవారు సాహసించిరి. ఇరువది తొమ్మిదేండ్లకు, 1948 మార్చి 14న, విశాఖపట్టణమున కట్టిన 'జలఉష'ను నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. మొదటి ఓడకే త్రివర్ణమును, నాలుగు గొట్టములను తగిలించినచో ఆ ఇరువది తొమ్మిదేండ్ల శ్రమను తుడిచివేసినవార మగుదుము. ఇది పెద్దలను గౌరవించుట కాదు, వారి కష్టమును కాజేయుట.

కావున సంఘము వారికి నా విన్నపము: లాయల్టీని, జలఉషను ఒకే కొలతలో చేయించి ప్రక్కప్రక్కన నిలుపుడు. ఏ యేటి రూపమో, ఎన్నవ వంతు కొలతయో క్రింద ఫలకముపై వ్రాయించుడు. ఆ రెండింటి నడుమనున్న జానెడు ఖాళీలో ఏమి జరిగినదని పిల్లలు అడుగుదురు. అడుగవలసినది అదే.