ఎండబెట్టడం వేరు, ఆరబెట్టడం వేరు

మొన్నటి శ్రావణంలో మా చెల్లి పెళ్ళయింది. ఆ పెళ్ళిలో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. ఇంట్లో ఎలాగూ ఎవరూ మర్చిపోయేలా లేరు కాబట్టి, మీకూ చెప్పేస్తే ఓ పనైపోతుంది.

మా ఇంట్లో పెళ్ళంటే ఐరేని కుండలు ఉండాల్సిందే. సున్నం పూసి, రంగులేసిన కుండల్ని కుమ్మరి ఇంటి నుంచి మేళాలతో తెచ్చుకుంటాం. పెళ్ళి పనుల్లో నా వాటాకి వచ్చింది ఇదొక్కటే. హైదరాబాదులో లాప్‌టాప్ ముందు కూర్చునేవాడికి ఇంతకన్నా పెద్ద పని అప్పజెప్పడం ప్రమాదమని మా నాన్న నమ్మకం. నెల ముందే చెప్పారాయన. నేనేమో రిలీజు గొడవలో పడి మర్చిపోయి, ముహూర్తం ఇంక 12 రోజులుందనగా ఊరెళ్ళి కుమ్మరి తాత వాకిట్లో నిలబడ్డాను.

ఆయన ఆకాశం వంక చూశాడు. "ముసురు పట్టింది బాబూ. ఇయ్యాల చేస్తే ఎప్పటికి ఆరాలి, ఎప్పటికి కాల్చాలి? నెల ముందు చెప్పుండాల్సింది."

"ఎలాగోలా సర్దు తాతా, పెళ్ళి కదా" అన్నాను. మన క్లయింట్లు మనతో అనే మాటే. ఆయన కూడా మనలాగే తలూపాడు.

ఐదో రోజు చూద్దామని వెళ్తే, కుండలన్నీ కొట్టంలో గోనెపట్టాల కింద ఉన్నాయి. తాత పనిమీద పక్కూరు వెళ్ళాడట. నాకు ఒళ్ళు మండింది. ఆరాల్సినవాటికి ఎవరైనా గోనె కప్పుతారా? తడి పోవాలంటే గాలి తగలాలి, ఎనిమిదో తరగతి పిల్లాడికి కూడా తెలిసిన సంగతే. ఇంటికెళ్ళి స్టాండు ఫ్యాను తెచ్చాను. గోనెలు తీసేసి, ఫ్యాను ఎదురుగా పెట్టి, "అవ్వా, రాత్రంతా తిరగనివ్వు" అని చెప్పి వచ్చేశాను. ఇంజనీరు బాబు చెప్పాడు కదా అని ఆవిడా ఊరుకుంది.

పొద్దున్నే వెళ్ళి చూస్తే ఏముంది? పద్నాలుగు కుండల్లో తొమ్మిదింటికి బీటలు. ఫ్యాను వైపున్న అంచులో మొదలై కిందకి దిగిన సన్నటి గీతలు, వెంట్రుకంత. వెనక వరసలో, మిగతావాటి చాటునున్న ఐదు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆ తొమ్మిదిలో అన్నీ నావి కూడా కాదు. వేరేవాళ్ళు చెప్పుకున్నవీ ఉన్నాయి.

"కొంచెం తడిమట్టి పూస్తే పోదా తాతా?" అన్నాను. ఆయన ఏమీ అనకుండా ఒక కుండకి మట్టి పూసి, నున్నగా రుద్ది, "సాయంత్రం రా" అన్నాడు. సాయంత్రానికి గీత మళ్ళీ అక్కడే ఉంది.

తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు. తొమ్మిదింటినీ తీసుకెళ్ళి నానబెట్టే గుంటలో వేస్తూ, "కాల్చకముందు పగిలితే మట్టి, కాల్చాక పగిలితే పెంకు. మట్టి యాడికీ పోదులే" అన్నాడు. నిజమే, మట్టి పోలేదు. పోయింది ఆయన రోజులు.

అప్పట్నుంచీ ఈ బీటల సంగతి నన్ను వదలడం లేదు. దొరికిందల్లా చదివాను. హైదరాబాదులో వారాంతాల్లో జరిగే కుండల క్లాసులో చేరి సొంతంగా కూడా బోలెడన్ని పగలగొట్టాను :) నాకు అర్థమైంది ఇది: బీటకి కారణం వేగం కాదు, తేడా.

కాస్త వివరంగా చెప్తాను. బంకమట్టి అంటే సన్నటి పలకల్లాంటి రేణువులు, వాటి మధ్య నీళ్ళు. ఆ నీళ్ళుండబట్టే రేణువులు ఒకదాని మీద ఒకటి జారి, మట్టి మనం చెప్పినట్టు వంగుతుంది. నీళ్ళు పోయేకొద్దీ రేణువులు దగ్గరకి జరుగుతాయి, అంటే కుండ చిన్నదవుతుంది. మట్టిని బట్టి మారుతుంది గానీ, ఆరడంలోనే పొడవులో 5 నుంచి 8 శాతం దాకా తగ్గడం మామూలే. 6 శాతం అనుకుందాం. చుట్టుకొలత 60 సెంటీమీటర్లున్న మూతి 3.6 సెంటీమీటర్లు తగ్గాలి. చుట్టూ ఒకేసారి తగ్గితే ఏ గొడవా లేదు, కుండ బుద్ధిగా చిన్నదవుతుంది. ఫ్యాను వైపు సగం తగ్గుతానని లాగుతుంటే, అవతలి సగం ఇంకా తడిగా ఉండి కదలనంటే? ఆ లాగుడుకి ఎక్కడో ఒకచోట తెగాలి. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతుంది.

ఎండిన చెరువులో నెర్రెలు చూశారు కదా, అదీ ఇంతే. పైపొర ఎండి ముడుచుకుంటుంది, కింది పొర తడిగా ఉండి కదలదు. మధ్యలో పైపొర ముక్కలు ముక్కలవుతుంది.

ఇంకో విషయం నాకు బాగా నచ్చింది. మట్టి చివరిదాకా కుంచించుకుంటూనే ఉండదు. రేణువులు ఒకదానికొకటి తగిలేదాకానే ఆ ముడుచుకోవడం. తర్వాత సందుల్లో మిగిలిన నీళ్ళు పోతాయి గానీ కుండ కొలత దాదాపు మారదు. అంటే ప్రమాదమంతా మొదటి భాగంలోనే. అందుకే తాత ముందు నీడలో, గోనె కింద ఉంచుతాడు, ఆ దశ దాటాక ఎండలో పెడతాడు. మన భాషలో ఈ రెండింటికీ వేరువేరు మాటలు ఎప్పట్నుంచో ఉన్నాయి, ఆరబెట్టడం, ఎండబెట్టడం. బట్టల దగ్గరా, వడియాల దగ్గరా రెండూ కలిపేసి వాడే నాలాంటివాడికి ఆ తేడా తెలియడానికి తొమ్మిది కుండలు ఖర్చయ్యాయి.

ఇక్కడ ఒకమాట. పల్లెటూరి నిదానం గొప్పది, యంత్రం చెడ్డది అని చెప్పడానికి నేనిది రాయడం లేదు. టైల్సు, ఇటుకలు చేసే ఫ్యాక్టరీల్లో త్వరగా ఆరబెట్టే గదులుంటాయి. అక్కడ కూడా పొడిగాలి ఒకేసారి వదలరు. ముందు తేమ నిండిన వెచ్చటి గాలి పెడతారు. సరుకు లోపలిదాకా వేడెక్కి, లోపలి నీళ్ళు పైకి రావడం మొదలయ్యాక, మెల్లిగా గాలిలో తేమ తగ్గిస్తారు. తాత గోనెపట్టా చేసే పని కూడా అదే, పైభాగాన్ని లోపలిదానికన్నా ముందు పరిగెత్తనివ్వకపోవడం. నా ఫ్యాను తప్పు అది యంత్రం కావడం కాదు, ఒక్క వైపు నుంచి ఊదడం.

ఈ ఒక్కటి అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ దానంతటవే వచ్చేస్తాయి. ఇప్పుడు మనవాళ్ళు చాలామంది శని, ఆదివారాలు మట్టి పిసుకుతున్నారు కాబట్టి, పనికొస్తాయని రాస్తున్నాను.

గోడ మందం అంతటా ఒకేలా ఉండాలి. పల్చటి అంచు, లావుపాటి అడుగు ఉంటే అంచు ముందారి అడుగుని లాగుతుంది. అంచుకి ముందు ప్లాస్టిక్ కవరు చుట్టండి, అడుగుకి గాలి తగిలేలా కాస్త గట్టిపడగానే బోర్లించండి.

అడుగుని గట్టిగా నొక్కాలి. సారె మీద గోడని వేళ్ళతో నొక్కుతూ లేపుతాం, అడుగుని మాత్రం వదిలేస్తాం. నొక్కని అడుగులో, ఆరేటప్పుడో కాల్చినప్పుడో, ఎస్ అక్షరంలా పగులు వస్తుంది. మన కుమ్మర్లు సగం ఆరిన కుండని, లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి అడుగు సాగదీస్తారు. ఆకారం కోసమే అనుకునేవాడిని, మట్టి బిగుసుకోవడానికి కూడానట.

కప్పుకి పిడి అతికించేటప్పుడు రెండూ ఒకే తడిలో ఉండాలి. గోటితో గీస్తే గీత పడాలి గానీ, నొక్కితే వేలు దిగకూడదు, అదీ సరైన సమయం. రెండు వైపులా గీతలు గీసి, మట్టి గుజ్జు రాసి అతికించి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు కప్పి ఉంచండి. ఆరిపోయిన కప్పుకి తడి పిడి పెడితే అది ఊడి చేతికొస్తుంది. తాత కుండకి పూసిన మట్టి నిలవకపోవడానికీ ఇదే కారణం. ఆరిన దాని మీద తడిమట్టి, తడిది ముడుచుకుంటుంది, ఆరింది ముడుచుకోదు.

మట్టిలో ఇసుకో, బూడిదో, పెంకుల పొడో కలపడం ఊరికే కాదు. అవి ముడుచుకోవు, నీళ్ళు బయటికి రావడానికి దారులిస్తాయి. జైపూర్ నీలి పాత్రలు చూశారా? వాటిలో ముఖ్యంగా ఉండేది పలుగురాయి పొడి, గాజు పొడి. మామూలు కుమ్మరి మట్టి వాడరు కాబట్టి వాటికి ఈ ఆరుడు బాధ బాగా తక్కువ.

ఇక కాల్చడం. కుండ పేలిందంటే లోపల గాలి బుడగ ఉందంటారు చాలామంది. అసలు దొంగ నీళ్ళు. 100 డిగ్రీలు దాటితే నీరు ఆవిరై దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది, బయటికి దారి లేకపోతే కుండని చీల్చుకుని వస్తుంది. అందుకే ఆవంలో మొదట చాలాసేపు సెగే, తర్వాతే మంట. మట్టిలో ఉండే పలుగురాయి రేణువులు 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా పెరుగుతాయి, చల్లారేటప్పుడు అదే చోట తగ్గుతాయి. చూడాలనే ఆత్రంతో ఆవం ముందే తెరిస్తే, ఒకవైపు చల్లబడి టక్కుమంటుంది. మళ్ళీ తేడానే.

అన్నిటికన్నా దొంగదెబ్బ సున్నపురాయి పలుకులది. మట్టిలో ఒక్క పలుకు ఉన్నా, కాల్చినప్పుడు అది సున్నమవుతుంది. కుండ బయటికొచ్చి, మన ఇంట్లో చేరి, కొన్ని రోజులకో వారాలకో గాల్లో తేమ పీల్చి ఉబ్బి, పైనుంచి చిన్న పెచ్చు ఎగరగొడుతుంది. ప్రొడక్షన్‌లో బయటపడే బగ్గు అన్నమాట. దీనికి మందు చివర్లో లేదు, మొదట్లో మట్టి జల్లించడంలోనే ఉంది.

గమనించారా? బీట కనపడేది ఒకచోట, పుట్టేది ఇంకోచోట. మన ఉద్యోగాల్లో కూడా అంతే కదా. డిజైనుకి రెండు వారాలు అడిగితే మూడు రోజులిచ్చి, చివర్లో పేలితే టెస్టింగువాళ్ళని నిలదీస్తాం. తర్వాత తడిమట్టి పూసినట్టు ఒక ప్యాచి వేస్తాం. సాయంత్రానికి గీత మళ్ళీ అక్కడే. ఇన్నేళ్ళుగా అవతలివాళ్ళు చేస్తుంటే గొణుక్కున్న నేను, అవకాశం రాగానే తాత దగ్గర అచ్చంగా అదే చేశాను. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

ఇంతకీ నా అభిప్రాయం ఇది. మనం కుండ కొనేటప్పుడు "మట్టికుండకి అంతా?" అంటాం. మట్టి కూడా ఊరికే రాదు, ట్రాక్టరుకి డబ్బులిచ్చి తోలించుకుంటున్నారు. అదలా ఉంచండి. కుండని సారె మీద లేపడం నిమిషాల పని. పెట్టుబడంతా తర్వాతి రోజులదే. గోనె కప్పడం, తీయడం, తిప్పడం, మబ్బు పట్టగానే లోపల పెట్టడం, మబ్బు విడిచేదాకా కూర్చోవడం. ఆ రోజులకి మనం పైసా ఇవ్వం, పైగా తగ్గించమంటాం. తగ్గించేసరికి వాళ్ళు ఆరబెట్టాల్సిన చోట ఎండబెడతారు, కుండ కారుతుంది, "ఇప్పటి కుండలు ఇంతేనండీ, స్టీలు బిందె మేలు" అని తీర్పు చెప్తాం. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అన్నారు పెద్దలు. మా విషయంలో ఆ గుదియ నా స్టాండు ఫ్యాను.

కాబట్టి కుండ బీటలు వారకుండా ఉండాలంటే కొనేవాడు చేయగలిగింది కూడా ఒకటుంది. ముందే చెప్పడం, చెప్పినప్పుడే కొంత డబ్బు చేతిలో పెట్టడం, వాన వస్తే వాయిదాకి ఒప్పుకోవడం. గోనెపట్టా ఎంత పని చేస్తుందో ఇదీ అంతే పని చేస్తుందని నా నమ్మకం.

పెళ్ళి ఏమైందంటారా? వెనక వరసలోని ఐదూ నిలబడ్డాయి. తక్కువైనవి తాత పక్కూళ్ళో వాళ్ళ చుట్టాల దగ్గర్నుంచి తెచ్చి ఇచ్చాడు. మేళాలతోనే వెళ్ళి తెచ్చుకున్నాం. పగిలిన తొమ్మిదికీ డబ్బులిస్తే, ఇవ్వని కుండలకి డబ్బెందుకని వద్దన్నాడు. అవ్వ చేతిలో పెట్టి వచ్చాను.

ఈసారి కార్తీకానికి ప్రమిదలు చెప్పడానికి రెండు నెలల ముందే వెళ్ళాను. "ఎప్పటికిస్తావ్" అని అడగబోయి ఆగి, "ఎన్ని రోజులు కావాలి తాతా?" అన్నాను.

"వానని బట్టి" అన్నాడు.

సరేనన్నాను.