సైన్సు కబుర్లు: గాలిలోంచి నీళ్ళు తోడే ముగ్గు

సంక్రాంతి సంచిక కాబట్టి ఈసారి కబుర్లు ముగ్గుతో మొదలెడతాను. చుక్కలు వరసగా పెట్టి గీతలతో కలిపితే మధ్యలో గళ్ళు ఏర్పడతాయి కదా. ఆ ముగ్గునే నేలమీద ఆపకుండా అంతస్తుల మీద అంతస్తులుగా పైకి కూడా వేసుకుంటూ పోతే? చుక్కల చోట లోహపు అయాన్లు, గీతల చోట కర్బన అణువులు పెడితే? 2025లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన "మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్"లు ఇవే. నోరు తిరగని పేరు కాబట్టి ముద్దుగా "మాఫ్" అందాం.

బహుమతిని ముగ్గురు పంచుకున్నారు: ఆస్ట్రేలియా నుంచి రిచర్డ్ రాబ్సన్, జపాన్ నుంచి సుసుము కిటగావా, అమెరికా నుంచి ఒమర్ యాఘీ. రాబ్సన్‌కి ఈ ఆలోచన 1974లో, మెల్‌బోర్న్ యూనివర్సిటీ విద్యార్థుల పాఠం కోసం చెక్క బంతులతో అణువుల నమూనాలు చేయిస్తున్నప్పుడు తట్టింది. బంతికి బెజ్జాలు సరైన చోట పెడితే చాలు, పుల్లలు గుచ్చగానే నమూనా సరైన ఆకారంలోకి వచ్చేస్తోంది. నిజమైన అణువులు కూడా ఇలాగే కుదురుకోవా అనుకున్నాడాయన. 1989లో రాగి అయాన్లనీ, నాలుగు చేతులున్న కర్బన అణువులనీ కలిపి వజ్రంలాంటి అల్లిక చేసి చూపించాడు. లోపలంతా ఖాళీ గదులే! కాని ఆ కట్టడం తేలిగ్గా కూలిపోయేది. ఇలాంటి గదుల్లోకి వాయువులు వెళ్ళి, చట్రం చెదరకుండా తిరిగి బయటికి రాగలవని 1997లో కిటగావా నిరూపించాడు.

1999లో యాఘీ బృందం ప్రకటించిన "మాఫ్-5"తో ఈ రంగం ఊపందుకుంది. ఇందులో చుక్క జింక్, గీత టెరెఫ్తాలిక్ ఆసిడ్. మన పాలియెస్టర్ చొక్కాలకీ, ప్లాస్టిక్ నీళ్ళ సీసాలకీ ముడిసరుకు కూడా ఇదే. ఈ రెంటినీ తగిన ద్రావకంలో కరిగించి, మూతపెట్టి, సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే స్ఫటికాలు వాటంతట అవే పేరుకుంటాయి. గదుల్లో మిగిలిన ద్రావకాన్ని గోడలు కూలకుండా ఖాళీ చెయ్యడమే అసలు నేర్పు. అలా ఖాళీ చేసిన ఒక్క గ్రాము పొడిలో లోపలి గోడల వైశాల్యం సుమారు 2,900 చదరపు మీటర్లు. మన ఊరి లెక్కలో దాదాపు 72 సెంట్ల భూమి! నేను ఉద్యోగంలో రోజూ చూసే జియోలైట్లకి గ్రాముకి కొన్ని వందల చదరపు మీటర్లే ఉంటాయి. గోడ ఎంత ఎక్కువ ఉంటే వాయువు అణువులు అతుక్కోవడానికి అంత చోటు.

అయితే ఇంజనీరు అడిగే మొదటి ప్రశ్న, "ఎన్నాళ్ళు నిలుస్తుంది?" మాఫ్-5 300 డిగ్రీల వేడిని తట్టుకుంటుంది గాని, మామూలు గాలిలోని తేమకి పాడైపోతుంది. జింక్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య ఉన్న ముడిని నీటి అణువులు విప్పేస్తాయి. దాంతో శాస్త్రజ్ఞులు చుక్కని మార్చారు. ఆక్సిజన్‌ని మరింత గట్టిగా పట్టుకునే జిర్కోనియం, అల్యూమినియం పెట్టారు. ఇలా చేసిన కొన్ని చట్రాలు తేమకి చెడకపోగా, చల్లటి రాత్రి గాలిలోని తేమని పీల్చుకుని, వేడి తగలగానే వదిలేస్తాయి. ఆవిరిని చల్లబరిస్తే మంచినీళ్ళు! తేమకి ఓడిపోయిన జాతే ఇప్పుడు ఎడారిలో నీళ్ళు తోడుతోంది.

యాఘీ 1965లో జోర్డాన్‌లోని అమ్మాన్‌లో, పాలస్తీనా శరణార్థుల కుటుంబంలో పుట్టాడు. కరెంటూ, కుళాయీ లేని ఇల్లు. పదిహేనో ఏట అమెరికా వచ్చాడు. వీధి కుళాయి దగ్గర బిందెల వరస గుర్తున్న మన తరానికి, ఆయన నీళ్ళ మీద ఎందుకు దృష్టి పెట్టాడో విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక అసలు లెక్క. 2019లో ఆయన బృందం మొహావీ ఎడారిలో అల్యూమినియం మాఫ్‌తో చేసిన యంత్రం, కిలో మాఫ్‌కి రోజుకి 0.7 లీటరు నీళ్ళిచ్చింది. నలుగురున్న ఇంటికి తాగడానికే 8 లీటర్లు అనుకుంటే పదకొండు కిలోల పైమాటే. అది చౌకగా దొరకాలి, వేలసార్లు పీల్చి వదిలినా చెడకూడదు. ముగ్గు వెయ్యడం శాస్త్రజ్ఞులు నేర్పారు. దాన్ని బీదవాడి వాకిట్లోకి చేర్చడం ఇంజనీర్ల వంతు. కాలేజీలో ఏం చదవాలా అని ఆలోచిస్తున్న మన పిల్లలకి ఈ మాట చెప్పండి.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు!