కార్డుపై లక్షలు, చేతిలో మందుల చీటీ

ప్రభుత్వాలు మారుతున్న కొద్దీ ఆరోగ్య పథకం కింద ప్రకటించే మొత్తం పెరుగుతూ వస్తోంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైనప్పుడు కుటుంబానికి ఏడాదికి 2 లక్షల రూపాయల వరకు వైద్యం అన్నారు. తరువాత అది 5 లక్షలయింది. 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. అంకెలు చూస్తే పేదవాడి వైద్యానికి ఇక కొదువ లేదనిపిస్తుంది. మరి మన మొహల్లాల్లో జబ్బు చేసిన ఇల్లు అప్పులపాలు ఎందుకవుతోంది? జుమా నమాజు ముగిసీ ముగియగానే ఎవరో ఒక రోగి కోసం చందా అడగవలసిన అవసరం ఎందుకు తీరడం లేదు?

ఆరోగ్యశ్రీ చేసిన మేలును మేము తక్కువ చేయడం లేదు. గుండె ఆపరేషన్, కేన్సర్ చికిత్స, డయాలసిస్ పేదవాడికి అందుబాటులోకి వచ్చాయంటే ఆ పథకం వల్లనే. ఆ కార్డు లేకపోతే ఈనాడు మన మధ్య ఉండేవారు కాదని చెప్పదగిన మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కానీ ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి కోసం రూపొందింది. ఇంటి దగ్గర ఉండి నెల నెలా బీపీ, షుగరు మాత్రలు కొనుక్కునేవాడికీ, జ్వరంతో పోయి రక్తపరీక్షలకు డబ్బు కట్టేవాడికీ అది పెద్దగా ఉపయోగపడదు. పేద కుటుంబాన్ని కుంగదీసేది మాత్రం చాలా సందర్భాల్లో ఈ చిన్న ఖర్చులే. అవి ఒక్కసారిగా కాక, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఇంటిని తినేస్తాయి.

ఇది మా ఊహ కాదు. కేంద్ర ప్రభుత్వమే ప్రకటించిన జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలోని మొత్తం వైద్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు నేరుగా జేబు నుంచి పెట్టుకున్నదే. 2013-14లో ఇది 64.2 శాతం. తగ్గిన మాట నిజమే, సంతోషించదగినదే. అయినా నూటికి దాదాపు నలభై రూపాయలు ఇంకా రోగే భరిస్తున్నాడు. ప్రజారోగ్యంపై ప్రభుత్వ వ్యయాన్ని 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతానికి చేరుస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం వాగ్దానం చేసింది. 2021-22లో ఆ వ్యయం 1.84 శాతం దగ్గరే ఉంది.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ ఎత్తివేశారు. చాలా మందులపై పన్నును 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. మందులపై తగ్గింపు అందరికీ మేలే. కానీ ప్రీమియం కట్టగల స్తోమత ఉన్నవాడికే బీమా రాయితీ. పంక్చర్ దుకాణం నడిపేవాడు, ఆటో తోలేవాడు, తోపుడు బండిపై పండ్లు అమ్మేవాడు, ఇంట్లో బీడీలు చుట్టే తల్లి ఎన్నడూ బీమా కంపెనీ గడప తొక్కలేదు. ముస్లింలలో స్వయం ఉపాధిపై బతికేవారి పాలు ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. నెల జీతం లేని, సెలవు లేని ఈ బతుకుల్లో పనివాడు మంచం పడితే మందుల ఖర్చు ఒకవైపు, ఆగిపోయిన సంపాదన మరొకవైపు. ఆపరేషన్ తరువాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5 వేలకు మించకుండా ఇచ్చే 'ఆరోగ్య ఆసరా' 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. అటువంటి ఏర్పాటు ఏ పార్టీ తెచ్చిందన్న దానితో నిమిత్తం లేకుండా రెండు రాష్ట్రాల్లోనూ నిలకడగా ఉండాలి.

ప్రకటించిన లక్షలు ఆసుపత్రికి చేరకపోతే ఏమవుతుందో 2025లో మనం చూశాం. బకాయిలు అందలేదంటూ మొదట తెలంగాణలో, ఆపైన ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేశాయి. ప్రభుత్వానికీ ఆసుపత్రి యాజమాన్యాలకూ నడుమ లెక్కల పేచీలో కార్డు పట్టుకొని వరండాలో నిలబడినది రోగి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొలి 2.5 లక్షల వరకు బీమా కంపెనీల ద్వారా, ఆపై 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా చెల్లించే పద్ధతికి ఆమోదం తెలిపింది. బీమా కంపెనీ లాభం చూసుకునే సంస్థ. క్లెయిమ్ తిరస్కరిస్తే పేదవాడు ఎవరికి మొరపెట్టుకోవాలి, ఎన్ని రోజుల్లో జవాబు రావాలి అన్నది ముందుగానే ఉత్తర్వుల్లో స్పష్టం చేయాలని మేము కోరుతున్నాం.

ఇక వైద్య కళాశాలల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో తలపెట్టిన 17 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 10 కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని ప్రస్తుత ప్రభుత్వం నిర్ణయించింది. ఆదోని, మదనపల్లె, మార్కాపురం వంటి పట్టణాలు వాటిలో ఉన్నాయి. ఈ పట్టణాల్లో మనవారు ఎందరున్నారో పాఠకులకు చెప్పనక్కరలేదు. అంతకుముందు ప్రభుత్వం కూడా కొత్త కళాశాలల్లో కొన్ని సీట్లను స్వయం ఆర్థిక, ఎన్నారై కోటాలకు కేటాయించిందన్నది మరచిపోరాదు. ఎవరు చేసినా ఫలితం ఒక్కటే. డబ్బుతో నిండే సీటు పెరిగిన కొద్దీ రిజర్వేషన్‌తో నిండే సీటు తగ్గుతుంది. 2007 చట్టంతో వచ్చి, 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచి ఉన్న బీసీ-ఇ వర్గపు 4 శాతం రిజర్వేషన్ వల్ల మెకానిక్ కొడుకులు, దర్జీ కూతుళ్ళు డాక్టర్లయ్యారు. ఆ దారి ఇరుకైతే నష్టం ఒక తరంతో ఆగదు.

ప్రభుత్వాన్ని అడగవలసింది అడుగుతూనే మన ఇంటిని కూడా చక్కదిద్దుకోవాలి. కచేరీల్లో దరఖాస్తులు చూసిన అనుభవంతో ఒక మాట చెబుతున్నాం. మనవారి దరఖాస్తులు ఆగిపోయేది అర్హత లేక కాదు, పేర్లు కలవక. రేషన్ కార్డులో 'షేక్' ముందు ఉంటుంది, ఆధార్‌లో వెనుక ఉంటుంది. ఒకచోట 'బీ', మరొకచోట 'బేగం'. పెళ్ళయి వచ్చిన కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటుంది. పసిబిడ్డ పేరు ఏ కార్డులోనూ ఉండదు. ఈ తేడా అత్యవసర వార్డు ముందు బయటపడితే దిద్దుకునే వ్యవధి ఉండదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే పత్రాలన్నీ ఒకచోట పరచుకొని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి.

ప్రతి మసీదు కమిటీ నెలకొక జుమా నాడు చదువుకున్న ఇద్దరు యువకులను ఇందుకోసం కూర్చోబెట్టగలదు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవాలని, పథకం కింద వచ్చిన రోగిని విడిగా డబ్బు అడిగితే 104కు ఫిర్యాదు చేయవచ్చని తెలియనివారు ఇంకా ఎందరో. వారికి తెలియజెప్పడం కూడా ఖిద్మతే.

జకాత్ విషయంలోనూ ఆలోచన అవసరం. పథకం భరించగల ఆపరేషన్‌కు కూడా మనం చందాలు పోగుచేస్తున్నాం, అడిగే దారి తెలియక. ఆ సొమ్ము పథకం చేరని చోటికి మళ్ళాలి. నెలవారీ మందులు, స్కానింగులు, రోగి వెంట ఉన్నవారి తిండి, ఆగిపోయిన ఇంటి అద్దె అటువంటివి. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో అప్పుల్లో కూరుకుపోయినవారు కూడా ఉన్నారు. జబ్బు తెచ్చిన అప్పు కన్నా నిస్సహాయమైన అప్పు మరేముంటుంది?

మేము ముస్లింలకు వేరే ఆసుపత్రి అడగడం లేదు. మన పక్క వీధిలోని దళిత కుటుంబానికీ, చేనేత కుటుంబానికీ ఇదే బాధ. అందరితో కలిసి అడగవలసిన కోరికలు ఇవి. హైదరాబాదులో 2018లో మొదలైన బస్తీ దవాఖానాల వంటివి ప్రతి పేదవాడలోనూ ఉండాలి. కూలికి పోయినవాడు తిరిగివచ్చే సాయంత్రం వేళ కూడా అవి తెరిచి ఉండాలి. అక్కడ బీపీ, షుగరు మందులు ఏ నెలా నిండుకోకూడదు. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక కర్తవ్యాల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. కాబట్టి మనం కోరేది దయాదాక్షిణ్యం కాదు.

రేపు ఓటు కోసం వచ్చే నాయకుడు కార్డుపై మరికొన్ని లక్షలు పెంచుతామంటాడు. మా వాడలో డాక్టరు ఏ వేళకు వస్తాడు, మందులు ఎన్ని రోజులకు ఇస్తారు, ఆసుపత్రుల బకాయి ఎప్పుడు తీరుస్తారు అని అతణ్ణి మర్యాదగానే అడుగుదాం. జవాబు చెప్పగలిగినవాడికే మన ఓటు.