కిటికీ పక్కకు కుర్చీ జరపండి

నాన్న పోయినప్పుడు పెద్దకర్మకు ఫొటో కావాల్సి వచ్చింది. ఆల్బమ్‌లన్నీ ముందేసుకుని కూర్చున్నాం. నాన్న ఫొటోలు లేక కాదు. ఒకదాంట్లో ఫ్లాష్ కళ్లద్దాల మీద పడి కళ్లే కనిపించడంలేదు. ఇంకోదాంట్లో మిట్టమధ్యాహ్నపు ఎండకు కళ్ల కింద నల్లటి నీడలు. మరోదాంట్లో వెనక కిటికీ వెలిగిపోతోంది, ముఖం మాత్రం చీకటి. చివరికి ఆఫీసు గుర్తింపు కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించాం.

ఆ మూడు ఫొటోలూ తీసింది నేనే. తప్పు కెమెరాది కాదు. వెలుగు ఎటునుంచి వస్తోందో నేను చూసుకోలేదు, అంతే!

ఫ్లాష్ సంగతే చూడండి. దూరం రెట్టింపైతే దాని వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే గ్రూపు ఫొటోల్లో ముందు కూర్చున్న పిల్లలు సున్నం కొట్టినట్టు, వెనక నిలబడ్డ పెద్దలు చీకట్లో ఉన్నట్టు వస్తారు. ఇక మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి కళ్ల గుంటల్లో నీడ తప్పదు. అప్పుడు మనిషిని వరండా అంచుకో, చెట్టు నీడకో తీసుకెళ్లాలి.

అన్నిటికన్నా సులువైంది కిటికీ. ఎండ సూటిగా పడని కిటికీ చూసి, దాని పక్కన కుర్చీ వేయండి. ట్యూబులైటు, ఫ్లాష్ ఆపేయండి. ముఖాన్ని కాస్త కిటికీ వైపు తిప్పమనండి. అవతలి చెంప మరీ నల్లగా ఉంటే, ఆ పక్కన ఓ తెల్ల దుప్పటి పట్టుకోండి. కిటికీ వెలుగు దానికి తగిలి చెంప మీదకు తిరిగొస్తుంది. కళ్లద్దాలు మెరుస్తుంటే గడ్డం కొంచెం దించమంటే చాలు. ఫోన్ తెర మీద ముఖాన్ని వేలితో తాకితే, ఆ ముఖానికి తగ్గట్టు వెలుగు సరిచేసుకుంటుంది.

దుప్పటి చిట్కాయే కదా అని తీసిపారేయకండి. సత్యజిత్ రే తీసిన ‘అపరాజితో’(1956)లో కాశీలోని ఓ ఇంటి లోగిలి కనిపిస్తుంది. అది స్టూడియోలో వేసిన సెట్. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర ఆ సెట్ పైన తెల్లటి గుడ్డ కట్టించారు. దీపాల వెలుగును సూటిగా మనుషుల మీద కాకుండా ఆ గుడ్డ మీదకు పంపి, అక్కణ్నుంచి కిందికి వచ్చేలా చేశారు. దాంతో ఆకాశం నుంచి దిగినట్టే మెత్తటి వెలుగు పరుచుకుంది. కిటుకు ఒక్కటే... వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదైతే నీడలు అంత మెత్తబడతాయి. మబ్బు పట్టిన రోజున మన నీడ పల్చబడేది అందుకే.

మొన్న అమ్మ కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఫోన్ తీశాను. ‘ఈ వయసులో నాకు ఫొటో ఏంట్రా’ అంటూనే తల తిప్పింది. తీసి చూపించాను. కళ్లలో కిటికీ మెరుపు, చెంప మీద ఒక్కో ముడతా తెలుస్తోంది. ‘ముసలిదాన్నైపోయాను’ అంది. ఫోన్ మాత్రం చాలాసేపు తిరిగివ్వలేదు.

ఇవాళ ఆదివారం. ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉంటారు. మీ పెద్దవాళ్ల కుర్చీని ఓసారి కిటికీ పక్కకు జరపండి.