కంభం చెరువుకు సైకిల్ దారి

సంక్రాంతి వెళ్లిన వారం పది రోజులకు పొదిలి నుంచి కొనకనమిట్ల వైపు సైకిల్ మీద వచ్చే మనిషికి ఊరికంటే ముందు వాసన ఎదురవుతుంది. పొగాకు బ్యారన్‌లో పచ్చాకు వేడికి మగ్గి పసుపు తిరిగేటప్పుడు వచ్చే తియ్యటి ఘాటు అది. ఆకు కోసే రెలుపులు జోరుగా సాగే రోజులు కాబట్టి చెట్ల కింద ఆడవాళ్లు వరసగా కూర్చుని కర్రలకు ఆకు అల్లుతుంటారు. కంది కోసిన చేలల్లో గొర్రెల మందలు, అక్కడక్కడా జామాయిల్ తోటలు, పడమటి దిక్కున నీలంగా వెలుగొండల వరస. కారు అద్దాలెత్తి ఏసీ వేసుకుని పోయేవాళ్లకు ఇందులో ఏదీ అందదు. మార్కాపురం ఎప్పుడొచ్చిందో కూడా తెలియకుండా వచ్చేస్తుంది.

ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతంలో బోన్ అని ఒక చిన్న పట్టణం ఉంది. అక్కణ్నుంచి సాంత్‌నే అనే పల్లె దాకా ద్రాక్షతోటల మధ్యగా ఇరవై కిలోమీటర్లకు పైగా సైకిల్ దారి సాగుతుంది. పొమార్, వోల్నే, మెర్సో వంటి పల్లెలన్నీ ఆ దారిలోనివే. వైన్ సీసాల మీద ప్రపంచమంతా చదివే పేర్లవి. ఆ తోటలను 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఆస్ట్రియాలో డాన్యూబ్ నది ఒడ్డున మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న వాఖావ్ లోయకు ఆ గుర్తింపు 2000లోనే దక్కింది. అక్కడి సైకిల్ దారి పొడవు నలభై కిలోమీటర్ల లోపే. మార్కాపురం నుంచి కంభం చెరువు కట్ట దాకా తొక్కడానికీ ఇంచుమించు అంతే శ్రమ పడుతుంది.

ఆ దేశాల్లో ఈ సైకిల్ సెలవు నడిచే తీరు తెలుసుకోదగ్గది. వెంట గైడు ఉండడు, జెండా పట్టుకుని ముందు నడిచే బృంద నాయకుడూ ఉండడు. ఏర్పాట్లు చూసే సంస్థ గదులు బుక్ చేసి, దారి పటం చేతికిచ్చి తప్పుకుంటుంది. పొద్దున్నే పెట్టెలను వ్యాన్‌లో తర్వాతి ఊరికి పంపిస్తుంది. మనిషి మాత్రం తనకు తోచినంతసేపు తొక్కి, ఆగాలనిపించిన చోట ఆగి, సాయంత్రానికి తన పెట్టె ఉన్న ఊరు చేరుకుంటాడు. రోజుకు ముప్పై, నలభై కిలోమీటర్లకు మించి పెట్టుకోరు. అంత నెమ్మదిగా పోయేవాడు దారిలో ఏదో ఒక పల్లెలో అన్నం తినక తప్పదు, మరో పల్లెలో పడుకోక తప్పదు. కారులో వచ్చినవాడు గుడి చూసి, ఫోటో తీసుకుని, చీకటి పడేలోపు హైవే ఎక్కేస్తాడు. వాడు వదిలివెళ్లేది ఖాళీ నీళ్ల సీసా.

పాత ప్రకాశం జిల్లా పడమటి భాగంలో పర్యాటకం ఊసు ఎప్పుడొచ్చినా కంభం చెరువులో బోటు షికారు, గట్టున రిసార్టు అనే మాటలే వినిపిస్తాయి. కోట్ల రూపాయల ఆ ఆలోచనలన్నీ కారులో వచ్చేవాడి కోసం. పొదిలి, కొనకనమిట్ల, మార్కాపురం, కంభం, గిద్దలూరులను కలిపే మూడు రోజుల సైకిల్ దారి గురించి కూడా ఎవరైనా ఆలోచించాలి. దానికి కొత్తగా వేయాల్సిన తారు కూడా పెద్దగా లేదు. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన పుణ్యమా అని పల్లె రోడ్లు చాలావరకు ఉన్నాయి. హైవే వదిలేసి వాటి మీదుగా పోవచ్చని బయటివాడికి చెప్పే బోర్డు మాత్రం లేదు.

దారిలో చూడటానికేముందని అడిగేవాళ్లుంటారు. ముందుగా నేలనే చూడొచ్చు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి ప్రాంతాలు నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. ప్రకాశం పేరు పెట్టింది 1972లో. అందుకే పొదిలి వైపు నుంచి గిద్దలూరు వైపు తొక్కేవాడికి రెండు పాత జిల్లాలు తగులుతాయి. మాటలో యాస మెల్లగా సీమ వైపు మొగ్గుతుంది. హోటల్ బల్ల మీద ఇడ్లీకి పోటీగా జొన్నరొట్టె కనిపిస్తుంది. ఈ తేడా పది కిలోమీటర్లకోసారి టీ తాగడానికి ఆగేవాడికే తెలుస్తుంది.

ద్రాక్షకు బదులు ఇక్కడ పొగాకు ఉంది. పొగాకు బోర్డు 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా మొదలైంది. ఆంధ్రలో వేలం పద్ధతి 1985లో వచ్చింది. పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి ముహూర్తాలు, అప్పు వాయిదాలు చాలావరకు బేళ్లకు పలికే ధరను బట్టే కదులుతాయి. బుర్గుండీ రైతు తన వైన్ గదిని చూపించి డబ్బు తీసుకుంటాడు. ఇక్కడి రైతు బ్యారన్ చూపిస్తే చూసేవాడికి అంతకంటే ఎక్కువే తెలుస్తుంది. ఆకు పసుపు తిరిగాక ఈనె ఆరేదాకా వేడి ఎంత ఉండాలో, రాత్రంతా మేలుకుని మంట కాచే మనిషి కళ్లెందుకు ఎర్రబడతాయో అక్కడే తెలుస్తుంది. పొగాకు చెడ్డదన్న సంగతి ఎవరూ దాచనక్కర్లేదు. ఆ మాటకొస్తే వైన్ కూడా ఏమీ గంగాజలం కాదు.

మార్కాపురం అనగానే చెన్నకేశవస్వామి, ఆయన తర్వాత పలక. ఆ గుడి మండపాల్లో విజయనగర కాలపు శిల్పం నిలిచి ఉంది. తెలుగునాట ఒక వయసు దాటిన చాలామంది మొదటి అక్షరాలు దిద్దిన పలక ఈ నేల నుంచి వెళ్లిందే. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ వచ్చాక బడి పలకకు గిరాకీ పడిపోయింది. ఇళ్ల గోడలకు, నేలకు వాడే పలకరాయి మీదే ఇప్పుడు ఆ పని బతుకుతోంది. పొరలు పొరలుగా విచ్చుకునే ఆ రాయిని ఉలితో చీల్చే పనివాడిని పది నిమిషాలు చూస్తే చాలు. మ్యూజియం టికెట్ అక్కర్లేదు.

ఈ దారికి ఆయువుపట్టు కంభం చెరువు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల మధ్య సందులోంచి బయటపడే చోట అడ్డంగా కట్ట వేశారు. విజయనగర రాణి వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. కట్ట ఎత్తు 57 అడుగులని వందేళ్ల కిందటి గెజిటీర్ రాసుకుంది. నిండితే నీరు ఏడు కిలోమీటర్ల దాకా పరుచుకుంటుంది. ఊళ్లో ఎవరినడిగినా ఇది ఆసియాలోనే రెండో పెద్దదంటారు. ఆ పందెంతో పనేముంది గానీ, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు, కర్నూలు–కడప కాలువకు కూడా ఆ గౌరవం దక్కింది. కొన్ని వందల ఏళ్లుగా పని చేస్తూ నేటికీ పొలాలకు నీరిస్తున్న కట్టడం ఇది. ఎగువన నీరు, దిగువన వరి, నడుమ కొండను కొండకు కలిపిన కట్ట. ఇంజనీరింగ్ చదివే పిల్లల్ని ఏడాదికోసారైనా ఇక్కడికి తీసుకురావాలి. కార్తీకంలో, వానలు బాగా పడిన ఏడాది, చెరువు నిండా నీళ్లున్నప్పుడు కట్ట మీద నిలబడితే ఈ దారి ఎందుకు వేయాలో వేరే చెప్పనక్కర్లేదు.

కంభం నుంచి గిద్దలూరు పోయేవాళ్లు రాచర్ల మండలంలోని సత్యవోలు మీదుగా పోతే బాదామి చాళుక్యుల కాలపు రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయాలు కనిపిస్తాయి. పట్టడకల్ దాకా వెళ్లి ఆ శిల్పాన్ని మెచ్చుకునే తెలుగువాళ్లలో ఎందరు సత్యవోలు పేరు విన్నారో! ఇంకో రోజు తీరిక ఉంటే మార్కాపురం నుంచి తూర్పుగా దొనకొండ మండలం చందవరం వెళ్లొచ్చు. గుండ్లకమ్మ ఒడ్డునే ఉన్న బౌద్ధ స్తూపం అది. అక్కడి సున్నపురాతి శిల్పం ఒకటి చోరీకి గురై, చేతులు మారి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. దొంగసొత్తని తేలాక 2016లో వాళ్లు తిరిగి ఇచ్చేశారు. కాన్‌బెర్రా దాకా వెళ్లిన శిల్పం పుట్టిన ఊరికి మార్కాపురం నుంచి దారి చూపే బోర్డు ఉండాలనడం అత్యాశేమీ కాదు.

ఇబ్బందులు లేవని కాదు. మాఘం దాటాక ఈ దారి పనికిరాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇక్కడ సైకిల్ తొక్కమంటే చంపడానికే చెప్పినట్టు. కార్తీకం నుంచి మాఘం దాకా నాలుగు నెలలే దీనికి కాలం. హైవేల మీద లారీల జోరుకు సైకిల్ మనిషి లెక్కలోకి రాడు, అందుకే పల్లె రోడ్లు కావాలి. కుక్కల బాధ ఉండనే ఉంది. ఆడవాళ్లు ఆగడానికి శుభ్రమైన మరుగుదొడ్డి కొన్ని చోట్ల బంకుల్లో కూడా దొరకదు. నీళ్ల సంగతి మరీ ముఖ్యం. పొదిలి, కనిగిరి చుట్టూ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బాధ పాతదే.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి అసలు అభ్యంతరం కూడా వినాలి. ఈ ప్రాంతానికి నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. రెండో సొరంగాన్ని ప్రారంభించే సరికి 2024 మార్చి వచ్చింది. తాగునీటికి, సాగునీటికి ఇంత కాలం కళ్లు కాయలు కాచేలా చూసిన ప్రాంతంలో సైకిల్ విహారం గురించి రాయడం వేళాకోళమని ఎవరైనా అంటే తప్పుపట్టలేం. నీళ్లే ముందు, అందులో వాదం లేదు. అయితే దారి బోర్డులకు, సైకిల్ పెట్టుకునే గదికి అయ్యే ఖర్చు వెలిగొండ పద్దులోంచి తీసేది కాదు. ఏ సొరంగాన్నీ అది ఒక్క రోజు కూడా ఆలస్యం చేయదు.

ఇంకో మాట కూడా అంటారు. ఇక్కడ సైకిల్ తొక్కేది మోటారుబైకు కొనలేనివాడు. దాన్ని సరదాగా తొక్కేవాడికి గది కట్టించడం ఏం న్యాయమని. ఆ బాధ నిజమే. కానీ బోర్డు, నీడ, మంచినీళ్లు, గాలి పంపు ఉంటే పనికి పోయే కూలీకీ, బడికి పోయే ఆడపిల్లకూ అవే ఉపయోగపడతాయి. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల మేర సౌర ఫలకాల కప్పు కింద సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. ఆదివారం ఉదయం అక్కడ తొక్కి ఇంటికి పోయేవాళ్లలో పదో వంతు మంది సంవత్సరానికి ఒక్కసారి మూడు రోజులు ఇటు వచ్చినా మార్కాపురం, కంభం లాడ్జీల వాళ్లకు అది కలిసొచ్చే బేరమే.

వైన్ ఊళ్ల నుంచి అరువు తెచ్చుకోవాల్సింది మందు మాత్రం కాదు. పక్కనే నెల్లూరు జిల్లాలో దూబగుంట రోశమ్మ లాంటి ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా మీద తిరగబడితే 1993లో రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. ఆ పొరుగున ఉన్న నేల మీద చెరువు గట్టునే బారు పెట్టి పర్యాటకమంటే కూలివాళ్ల ఇంటి ఇల్లాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

తెచ్చుకోవాల్సింది వేరే ఉంది. ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట తొమ్మిది వందల కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. దాని పక్కన ‘అక్కెయ్ వేలో’ అనే గుర్తు కనిపిస్తుంది. దారికి అయిదు కిలోమీటర్ల లోపల ఉండి, సైకిల్‌కు తాళం వేసుకునే భద్రమైన చోటు, రిపేరు సామాను ఉన్న బసలకే ఆ గుర్తు ఇస్తారు. దానికి భవనం కొత్తది కానక్కర్లేదు, నక్షత్రాల హోటల్ అసలే కానక్కర్లేదు. మార్కాపురంలో, కంభంలో ఇప్పుడున్న లాడ్జీల్లో కింది అంతస్తులో సైకిళ్లు పెట్టుకునే చోటు చూపించి, పంక్చర్ సామాను, గాలి పంపు కౌంటర్‌లో ఉంచితే ఆ గుర్తుకు అర్హతలో సగం వచ్చినట్టే. తర్లుపాడు, బేస్తవారిపేట లాంటి ఊళ్లలో పంక్చర్ షాపు యజమాని ఫోన్ నంబర్ ఒక బోర్డు మీద రాయిస్తే మిగతా సగంలో కొంత. పంచాయతీలు ఫిల్టర్ నీళ్ల కేంద్రాల దగ్గర ఒక బల్ల, కాస్త నీడ వేయాలి. పురావస్తు శాఖ సత్యవోలు, చందవరాలకు రోడ్డు మలుపు నుంచే దారి బాణాలు పెట్టాలి. పర్యాటక శాఖ చేయాల్సింది వీటన్నిటినీ ఒకే పటం మీదికి ఎక్కించడం.

గిద్దలూరు దగ్గర ఈ దారి ఆగాలి. అవతల నంద్యాల దాకా నల్లమల ఘాట్, పులులు తిరిగే అడవి. అక్కడ సైకిల్ తొక్కమని ఎవరినీ ప్రోత్సహించకూడదు. ఆ ముక్కకు రైలే మేలు. గిద్దలూరు, దిగువమెట్ట, చలమ, గాజులపల్లి మీదుగా నంద్యాల చేరే ఆ లైన్లో మీటర్ గేజ్ నాటి దొరబావి వంతెన ఉండేది. బ్రాడ్‌గేజ్ కోసం దారి మార్చినప్పుడు దాన్ని వదిలేశారు. అడవిని కిటికీలోంచి చూస్తూ పోవడం మూడు రోజుల తొక్కుడుకు మంచి విశ్రాంతి. చిక్కల్లా సైకిల్‌తోనే. దాన్ని బ్రేక్ వ్యాన్‌లో లగేజీగా బుక్ చేయాలి, చిన్న స్టేషన్లలో రైలు ఆగేది ఒకటి రెండు నిమిషాలు. శీతాకాలం నాలుగు నెలలైనా గుంటూరు–నంద్యాల మధ్య నడిచే ఒక ప్యాసింజర్ బండిలో సైకిళ్లు నిలబెట్టుకోవడానికి ఒక మూల కేటాయించి, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లలో టికెట్‌తో పాటే సైకిల్ రసీదూ ఇవ్వాలని గుంటూరు రైల్వే డివిజన్‌ను అడగాలి. ఆ అర్జీ మీద ముందుగా సంతకం పెట్టాల్సినవాళ్లు మార్కాపురం, గిద్దలూరు ఎమ్మెల్యేలు.