పిచ్చాపాటి: మావాడి పాటలు

మొన్న వాన్‌లో మా ఇంటి బేస్‌మెంటులోంచి బూతులు వినిపించాయి. తీరా చూస్తే మావాడు పెట్టిన ర్యాప్ పాట! కాలిఫోర్నియాలో కాంప్టన్ కుర్రాళ్ళు, ఎన్.డబ్ల్యు.ఎ. అనే బృందం, 1988లో తెచ్చిన రికార్డట. నల్లజాతి కుర్రాళ్ళను పోలీసులు ఊరికే ఆపి సోదా చేస్తారన్నది ఆ పాటలో ఫిర్యాదు. 1989లో ఎఫ్.బి.ఐ. అధికారి ఒకాయన అభ్యంతరం చెబుతూ రికార్డు కంపెనీకి ఉత్తరమే రాశాడు.

అది తెలిశాక నాకు బుర్రకథ గుర్తొచ్చింది. దాన్నీ మద్రాసులో బ్రిటిషు సర్కారు, హైదరాబాదులో నిజాం సర్కారు నిషేధించాయి కదా! అయితే నాజర్ గారి నోట బూతు నేను వినలేదు సుమండీ. ఆడవాళ్ళను ఈ కుర్రాళ్ళు తిట్టిన తిట్లు మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆ మాటే మావాడితో అన్నాను.

"అయితే ఆయనది ఒకటి పెట్టు నాన్నా, వింటాను" అన్నాడు.

పాత క్యాసెట్టు కోసం ఇల్లంతా వెతుకుతున్నాను. మీలో ఎవరిదగ్గరైనా ఉంటే కాస్త చెప్పండి.