యుద్ధసాయమును పల్లెటూరి గాదెయును

మిత్రరాజ్యము యుద్ధములో చిక్కుకొన్నప్పుడు దానికి ఆయుధములు, సరకులు పంపుటవలన ఇంటివారికి నష్టమేమియు లేదని వాదించువారు నేడు ప్రతి దేశమునను కలరు. పంపునది అప్పేకాని దానము కాదు, అప్పు ఎన్నటికైనను తీరునందురు. పంపుటకై కర్మాగారములు పనిచేయును గనుక పనివానికి కూలి దొరకునందురు. యుద్ధము మన గుమ్మముదాక రాక దూరముననే ఆగిపోవునందురు. 2022లో రష్యా ఉక్రెయినుమీద పడిన నాటినుండి అమెరికాలోను ఐరోపాలోను ఈ మాటలే శాసనసభలలో మారుమ్రోగినవి. మన దేశమునుండి ఆయుధముల ఎగుమతి 2023-24లో 21,000 కోట్ల రూపాయలను దాటినదని విని సంతసించువారు, కొనువాడు రేపు యుద్ధమునబడి అరువడిగినచో ఏమి చేయవలయునో ఇంకను ఆలోచించినట్లు కానరాదు. ఆలోచింపుడని మేము కోరుచున్నాము. ఏలయన ఈ ప్రయోగము మనమీద ఒకమారు జరిగియే యున్నది.

1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులను గాని కేంద్ర శాసనసభను గాని అడుగకయే ఈ దేశము యుద్ధములో నున్నదని ప్రకటించెను. కావున అది మిత్రునకు చేసిన సాయము కాదు, యజమానికి చేసిన వెట్టి యని కొందరు మమ్ము ఆక్షేపింపవచ్చును. అది నిజమే. కాని లెక్కల పుస్తకము తెరచి చూచినచో వింతయొకటి కనబడును. మొదటి మహాయుద్ధకాలమున, 1917లో, మన ఖజానానుండి పదికోట్ల పౌనులు ఇంగ్లాండునకు కానుకగా వ్రాయబడినవి. కానుకకు మునుపే, 1916లో, ఉప్పుపన్ను మణుగునకు పావులా పెరిగెను. 1918లో చెన్నపురిలోను రాజధానిలోని పలు ఊళ్లలోను జనులు ధాన్యపుకొట్లను కొల్లగొట్టిరి. అది పచ్చి దోపిడి; దానిని గూర్చి వాదమక్కరలేదు. 1939 నవంబరులో కుదిరిన ఒప్పందము అట్టిది కాదు. శాంతికాలపు సైన్యవ్యయమును, ఈ దేశరక్షణకే యగు యుద్ధవ్యయమును మనము భరింపవలెను. తక్కినదెల్ల బ్రిటను ఇచ్చుకొనవలెను. ప్రతి గోనెసంచికి, ప్రతి గజము గుడ్డకు, ప్రతి బస్తాకు ఖరీదు కట్టి మన పేర జమ వ్రాసిరి. యుద్ధము ముగియునప్పటికి తరతరములుగా అప్పుపడియున్న ఈ దేశము ఇంగ్లాండునకే అప్పిచ్చిన షాహుకారైనది. అరువు సాయమువలన లాభమే కలుగునను వాదమునకు ఇంతకంటె అనుకూలమైన ఉదాహరణము దొరకదు. అందువలననే మేము దీనిని పరీక్షకు తీసికొంటిమి.

ఆ జమ ఎట్లు పుట్టినదో చూతము. బ్రిటను ఆ ఖరీదుకు చాలినంత బంగారము గాని సరకు గాని మనకు పంపలేదు. లండనులో మన పేర స్టెర్లింగు పత్రములు జమకట్టినది. రిజర్వుబ్యాంకు చట్టము ననుసరించి ఆ పత్రములు నోట్లకు ఆధారముగా చెల్లును. కావున లండనులో జమ పెరిగినకొలది ఇచ్చట నోట్లు అచ్చయినవి. ఆ నోట్లతో సర్కారు మన బియ్యము, మన గుడ్డ, మన కలప, మన తోలు కొన్నది. సరకు ఓడ నెక్కినది. నోటు ఊరిలో మిగిలినది. యుద్ధారంభమున దేశములో చెలామణియైన నోట్లు సుమారు 180 కోట్ల రూపాయలవి. 1945 నాటికవి 1,100 కోట్లను మించెను. 1939 ఆగస్టు ధరలను నూరుగా కట్టిన టోకుధరల సూచి 1943 ముగియకముందే రెండువందలను దాటెను. ఇది పన్ను కాదని ఎవరనగలరు? శాసనసభలో ప్రవేశపెట్టని పన్ను, గెజెటులో పడని పన్ను, జమీందారునకంటె కూలివానికి హెచ్చు తగులు పన్ను ఇది యొక్కటియే. అడుగుటకు సభ మాత్రము ఏదీ? 1939 అక్టోబరు చివర రాజాజీ మంత్రివర్గము రాజీనామా నిచ్చినది మొదలు 1946 వరకు చెన్నరాజధానిని గవర్నరే పాలించెను.

ఇక పల్లెకు వత్తము. బాపట్లకు దాపున, సముద్రమునకు కృష్ణా పడమటి డెల్టా కాలువలకు నడుమ, కర్లపాలెమున్నది. ఒకప్రక్క కాలువల చివరినీటితో పండు వరిచేలు. మరియొకప్రక్క ఇసుకనేలలు, ఆపైని చేపలవేటవారి పల్లెలు. వరి పండు సీమ గనుక ఇట్టిచోట యుద్ధము ఎవరికి నొప్పి కలిగించునని పట్నవాసు లనుకొందురు. అనుకొనువారు పంటను చూతురేకాని దానిని కొలుచుకొనువాడెవడో చూడరు. పల్లెలో ధాన్యమును అమ్మువారు కొందరు, కొనుక్కొని తినువారు కొందరు. ధర రెట్టింపైనప్పుడు పురి కట్టగలిగిన రైతునకు సంబరము. నూలుకొని నేసి అమ్ముకొను సాలెకు, వల వేయువానికి, రోజుకూలికి పోవు ఆడుదానికి అది పిడుగు. పాలేరునకు ఏడాదిజీతము ధాన్యముగా కొలిచినంతకాలము ధర పెరిగినను వాని కంచము కొంత నిలుచును. రొక్కపుకూలి వానికి ఆ పాటి రక్షణయు లేదు. కూలిడబ్బులు మెల్లగా పెరుగును, బియ్యపుధర వడిగా పెరుగును. ఆ రెంటి నడుమ దూరమే వాని ఆకలి. యుద్ధసాయము పల్లెను ఈ రీతిగా రెండుగా చీల్చునన్నదే మా మొదటి ఆరోపణ.

మేము ప్రతిపక్షమువారి మాటను దాచము. 1930 తరువాత ధాన్యపుధరలు పడిపోయి ఋణములలో మునిగిన రైతులలో పలువురు ఈ యుద్ధపుధరలతోనే పత్రములు తీర్చుకొనిరి. అప్పు తీరినందుకు వారిని మేము నిందింపము. కాని ఆ అప్పు తీర్చినదెవరు? లండను కాదు. అదే వీధిలో బియ్యము కొనుక్కొన్న కూలిది తవ్వ తగ్గించి వండుకొన్నందున అది తీరినది. ఇరుగువాని అప్పును పొరుగువాని పస్తుతో తీర్చి, దానికి దేశాభివృద్ధియని పేరుపెట్టుట మాకు సమ్మతము కాదు.

బియ్యముతో ఆగినదా? సైన్యమునకు మిల్లుగుడ్డ పోగా 1943 నాటికి గుడ్డకు, నూలుకు నియంత్రణ ఉత్తరువులు వచ్చినవి. మగ్గము ముందు కూర్చున్న సాలె మగ్గమునకు నూలు లేక చేతులు ముడుచుకొనవలసివచ్చినది; గుడ్డనేయువాని ఇంట గుడ్డకు కరవు. కిరసనాయిలు కొలిచిపోసిరి. నాణెములకు లోహము చాలక 1943లో కానికి నడుమ చిల్లు పొడిచి అచ్చువేసిరి. చిల్లుకాని యని పిల్లలు దానికి దారము గ్రుచ్చి మెడలో వేసికొనుచుండిరేకాని, యుద్ధసాయము మన కాసులోనుండి కోసికొన్న తునకయే ఆ రంధ్రమని పెద్దలు గ్రహింపవలసియుండెను. పైపెచ్చు యుద్ధనిధులకు స్వచ్ఛంద చందాలు! తాలూకా అధికారి పట్టిక చేతబట్టుకొని గుమ్మమున నిలిచి అడిగిన చందా ఎంతమాత్రము స్వచ్ఛందమో మా చదువరులకు వివరింప నక్కరలేదు. ధనముచేత గాని జనముచేత గాని ఈ యుద్ధమునకు తోడ్పడరాదని చెప్పినందుకే 1940 అక్టోబరు మొదలు వేలకొలది సత్యాగ్రహులు చెరసాలలకు పోయిరి.

యుద్ధము దూరముననే ఆగునన్న మాట కూడ తేలిపోయినది. మన దళములు ఉత్తర ఆఫ్రికాలోను పశ్చిమాసియాలోను కాపుండగా, 1942 మార్చి 8న రంగూను పడిపోయెను. ఏప్రిలు 6న విశాఖపట్టణముమీదను కాకినాడమీదను జపానువారి బాంబులు పడెను. రంగూను రేవులలోను మిల్లులలోను చెమటోడ్చిన తెలుగు కూలీలు అడవులవెంట కాలినడకను తిరిగివచ్చిరి. దారిలో రాలినవారి లెక్క నేటికిని సరిగా తేలలేదు. ఏటేట పదిలక్షల టన్నులకు పైగా వచ్చుచుండిన బర్మాబియ్యము నిలిచిపోయినది. ఇచ్చటి జనుల ఓరిమియు నిలువలేదు. ఆగస్టు 12న తెనాలిలో పోలీసుల తుపాకులకు ఏడుగురు బలియైరి.

బియ్యము తక్కువైనచోట నోట్లు ఎక్కువైనచో ఏమగునో 1943లో వంగదేశము చూపినది. 1945లో ప్రభుత్వ విచారణసంఘమే పదునైదులక్షలమంది చచ్చిరని వ్రాసినది. తరువాతివారు ముప్పదిలక్షలవరకును లెక్కించిరి. తుపాను, చీడ, బర్మా పతనము, వర్తకుల దాపరికము, జపానువారికి చిక్కరాదని పడవలను తీసివేయించుట, ఇవన్నియు కారణములే. ఒక్క యుద్ధసాయమే ఆ పాపమునకెల్ల మూలమని మేమనము. కాని 1981లో అమర్త్యసేనుడు తన గ్రంథమున విప్పిచూపిన విషయము మరువదగినది కాదు. చచ్చినవారిలో ముందువరుస పొలముకూలీలది, చేపలు పట్టువారిది. యుద్ధపుపనులలో కూలి దొరకిన కలకత్తానగరము సర్కారు సరఫరాతో తిన్నది. రొక్కపుకూలితో బియ్యము కొనుక్కొనవలసిన పల్లె మాడినది. కర్మాగారముల పనివానికి కూలి దొరకునన్న వాదమునకు ఇంతకుమించిన సమాధానము లేదు: ఆ కూలియే పల్లెవానితో పోటీపడి బియ్యపుధరను ఆకాశమున కెక్కించినది. కర్లపాలెపు కూలీలు, చేపలవేటవారు వంగదేశమున చచ్చిన కూలీలకు, జాలరులకు జీవనోపాధిలో అన్నదమ్ములే. మన డెల్టాలో గింజ చేరువనుండుటచేత ఆ దుర్గతి వారికి పట్టలేదు. ఏలినవారి ముందుచూపును మెచ్చుకొనుటకు మాత్రము ఇందులో మాకేమియు కనబడలేదు.

ఇంతకును ఆ అప్పు తీరినదా? 1946లో మన స్టెర్లింగు జమ సుమారు 1,700 కోట్ల రూపాయలు. యుద్ధము ముగిసిన పిమ్మట రుణస్థుడే షరతులు చెప్పసాగెను. ఇంత సొమ్ము రద్దుచేయవలెనని ఇంగ్లాండులో పెద్దలు కొందరు బహిరంగముగనే కోరిరి. 1947లో ఆ జమను కట్టివేసి, ఏటికింతయని విడుదల చేయుటకు ఒప్పుకొనిరి. 1948 ఒప్పందములో, ఇచ్చట విడిచిపోయిన యుద్ధసామగ్రి ఖరీదును, తెల్లదొరల పింఛనులకై పెద్దమొత్తమును అందులోనుండియే మినహాయించుకొనిరి. 1949 సెప్టెంబరులో పౌను విలువ డాలరు లెక్కన మూడవవంతుకు దగ్గరగా పడిపోగా మన జమయు దానితో పడిపోయెను. మిగిలినది దిగుమతులకు, స్వతంత్రదేశపు తొలి ప్రణాళికకు కొంత పనికివచ్చెను, అందుకు సంతసింపవలసినదే. అయితే 1943లో గంజిని పలుచచేసికొన్న ఇల్లాలికి ఆ సొమ్ములో ఒక్క చిల్లుకానియైనను ముట్టినదా? అప్పిచ్చినది ఆమె. పత్రము వేరొకరి పేర నున్నది. వసూలైననాటికి ఆమె లేదు.

ఆపదలోనున్న మిత్రునకు సాయమే వలదని మేము చెప్పుటలేదు. బలవంతుడు బలహీనునిమీద పడునప్పుడు చేతులు కట్టుకొని కూర్చుండుట ధర్మము కాదు. పస్తుండియైనను సాయపడుదుమని ఒక జాతి నిండుమనసుతో నిశ్చయించుకొన్నచో దానికి మేమే మొదట నమస్కరింతుము. పస్తు ఎవరిదో నిశ్చయించువారు, ఆ పస్తు తమది కాదని ముందుగనే ఎరిగియుండుట మాకు కిట్టదు. ఓడ కదలకముందే పన్ను వేయుడు. యుద్ధపుగిరాకివలన లాభపడువానిమీద వేయుడు. 1940లో అధికలాభముల పన్ను వేసినమాట నిజమే. నోట్ల వరదముందర అది ఇసుకకట్ట యైనది. చౌకధరకు బియ్యము కొలిచి ఇచ్చు ఏర్పాటు ధర రెట్టింపైన పిదప కాదు, మొదటి బస్తా రేవు చేరకముందే జరుగవలెను.

యుద్ధవ్యవహారము రహస్యమైనది, సభలో చర్చింపరాదని అందురు. తుపాకిగుండ్లు ఏ రేవున దిగునో రహస్యము కావచ్చును; వానికి డబ్బిచ్చువాడెవడో రహస్యమెట్లగును? మనమీద నోట్లు కురియుచున్న ఆ రోజులలోనే, 1941 మార్చి 11న, అమెరికావారు మిత్రులకు అరువుసాయము చేయుటకు తమ సభలలో చట్టము చేసికొనిరి. తొంబది దినములకొకమారైనను అధ్యక్షుడు ఆ సాయపు లెక్కను సభకు చెప్పితీరవలెనని అందులోనే వ్రాసికొనిరి. మన పార్లమెంటు ఎన్నడైనను అట్టి చట్టము చేయవలసివచ్చినచో, ఆ తొంబదిదినముల లెక్కలో పంపిన గుండ్ల వరుస ప్రక్కనే మరియొక వరుస ఉండవలెనని మేము కోరుచున్నాము: ఆ మూడునెలలలో కర్లపాలెములో బియ్యము ధర ఎంత, నాట్లకూలి ఎంత.